బీరు సాఫ్ట్‌వేర్‌లో బోరు నీళ్లు

2022 ఎండాకాలం నాటికి నేను ఆ ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. చండూరు దగ్గర మా ఊళ్లో, ఇంటి డాబా మీద నాయిన వేయించిన రేకుల గదే నా ఆఫీసు. ఒక బల్ల, లాప్‌టాప్, కూలర్, గోడకు నా పుస్తకాల అర. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ తరఫున ఒక విదేశీ సాఫ్ట్‌వేర్‌కు కస్టమర్ సపోర్ట్ చేసేదాన్ని. ఫోన్‌లో మాట్లాడే పని లేదు, అంతా రాతే. అది విన్నాకే ఒప్పుకున్నాను.

ఆ సాఫ్ట్‌వేర్ ఇంట్లో బీరు తయారు చేసుకునేవాళ్ల కోసం. కొన్ని దేశాల్లో అది తప్పు కాదు, సెలవు రోజు సరదా. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. చేదు కోసం వేసే పూలు హాప్స్. పులియబెట్టేది ఈస్ట్. ఏది ఎంత వేస్తే రంగు ఎంత ముదురుతుందో, చేదు ఎంత తేలుతుందో పొయ్యి వెలిగించక ముందే లెక్కగట్టి చూపించడం ఆ సాఫ్ట్‌వేర్ పని. దాన్ని వాళ్లు రెసిపీ డిజైన్ అంటారు. లెక్క తప్పినా, పేజీ తెరుచుకోకపోయినా మాకు రాస్తారు. అలా వచ్చే ఒక్కో ప్రశ్నను టికెట్ అంటాం. నేను బీరు రుచి ఎరగను. కానీ ఏ టికెట్‌కు ఏం జవాబు రాయాలో నాకు బాగా తెలుసు.

"పైన కూసోని ఏం పని జేస్తున్నవే?" అని అవ్వ ఒకరోజు అడిగితే ఇదంతా చెప్పాను.

"అంటే బీరు ఎట్ల వండాల్నో దొరలకు నువ్వు జెప్తవా?"

"నేను జెప్పనవ్వా, కంప్యూటర్ జెప్తది. అది జెప్పకపోతే నాకు రాస్తరు."

"మంచిగనే ఉన్నది. మీ తాత ఉంటె జీతానికి బదులు సీసలే తెమ్మనెటోడు."

ఆ ఏడాది సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రావలసి ఉంది. వాడేవాళ్లందరికీ ఒక ఫోరం, అంటే ఇంటర్నెట్‌లో ఒక రచ్చబండ లాంటిది ఉండేది. అక్కడ "ఎప్పుడు వస్తోంది?" అనే శీర్షిక కింద నెలల తరబడి కబుర్లు నడిచాయి. పాత వెర్షన్‌లో రెసిపీ మొదలుపెట్టడం ఇష్టం లేక కొందరు బీరు కాయడమే మానేశారు. ఒకాయన భార్య గ్యారేజీ ఖాళీ అయిందని సంతోషపడుతోందట. ఎవరో బీరు కాచే తన ఖాళీ గుండిగను ఫొటో తీసి "ఎదురుచూస్తున్నాను" అని పెడితే, ఇక అదే ఆటయిపోయింది. రోజుకో దేశం నుంచి ఖాళీ గుండిగలు. ఒకదాంట్లో పిల్లి పడుకుని ఉంది. ఒకదాంట్లో పూలమొక్క నాటారు.

నేనవన్నీ చదివేదాన్ని. చదవడం ఉద్యోగంలో భాగమే కానీ, పని అయిపోయాక కూడా చదివేదాన్ని. ఎవరి కుక్కకు జబ్బు చేసిందో, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో నాకు తెలుసు. వాళ్లకు మాత్రం నేనంటూ ఒకదాన్ని ఉన్నానని తెలియదు. నేను రాసే ప్రతి జవాబు కిందా "సపోర్ట్ టీం" అనే ఉండేది. ఆఫీసు మీటింగుల్లో కూడా నా కెమెరా ఎప్పుడూ ఆన్ చేయలేదు. ఊళ్లో నెట్ సరిగ్గా రాదని చెప్పేదాన్ని. నిజానికి నెట్ బాగానే వచ్చేది. నా పళ్లు నలుగురికీ కనపడకూడదని, అంతే.

ఆ ఫోరంలో నాకు ఇష్టమైన మనిషి పీటర్. దక్షిణాఫ్రికాలో వాన తక్కువ పడే లోపలి ప్రాంతం ఆయనది. సముద్రం పక్క నగరంలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక కూతురి కుటుంబంతో కలిసి అక్కడ పొలం కొనుక్కున్నాడు. బీటా, అంటే అందరికంటే ముందుగా పరీక్షకు ఇచ్చే వెర్షన్, ఆయనకూ ఇచ్చాం. ప్రతి టికెట్‌ను "ప్రియమైన సపోర్ట్ టీం, ఈ ముసలివాడు మళ్లీ వచ్చాడు" అని మొదలుపెట్టేవాడు. చివర అక్కడి వాతావరణం ఒక వాక్యం రాసేవాడు. నాకు ఆ వాక్యం కోసమే ఆయన టికెట్లు ముందు తెరవాలనిపించేది.

ఒకసారి కొత్త వెర్షన్‌లో తన వాటర్ ప్రొఫైల్ సేవ్ కావడం లేదని రాశాడు. వాటర్ ప్రొఫైల్ అంటే మన నీళ్లలో కాల్షియం, సోడియం, సల్ఫేట్ లాంటివి ఎంతెంత ఉన్నాయో నింపే పేజీ. నీళ్లను బట్టి బీరు రుచి మారుతుందట. ఆయన పంపిన ఫైలు తెరిచాను. నీళ్ల పేరు "ఇంటి బోరు" అని ఉంది. కింద "అందరం ఇవే తాగుతాం, తియ్యటి నీళ్లు" అని రాసుకున్నాడు. తప్పు మా వైపే ఉంది. ప్రోగ్రామర్లకు పంపి, సరిచేయించి, టికెట్ మూసేశాను.

ఆ వారమే ఫోరంలో ఆయన ఖాళీ గుండిగ ఫొటో పెట్టాడు. గుండిగలో ఆయన మనవరాలు లీనా కూర్చుని ఉంది. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చిన వయసు. నోరంతా తెరిచి నవ్వుతోంది. కింద అందరూ వేళాకోళాలు మొదలుపెట్టారు. "ఈ రెసిపీకి ఎంతసేపు ఉడకాలి?" అని ఒకరు, "చక్కెర ఎక్కువైనట్టుంది" అని ఇంకొకరు.

నేను ఫొటో పెద్దది చేసి చూశాను. ముందు పళ్ల మీద సున్నం అద్దినట్టు తెల్లటి మచ్చలు, వాటికి అడ్డంగా గోధుమరంగు చారలు. ఆ నవ్వును నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. మా బడిలో నా తరగతి మొత్తానికి అవే పళ్లు. గ్రూప్ ఫొటో దిగేటప్పుడు సారు నవ్వమంటే ఒక్కరమూ నోరు తెరవలేదు. అవ్వ మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. అన్నీ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసినవే. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా పెట్టి కృష్ణా నీళ్లు ఇచ్చారు. ఆ తర్వాత పుట్టిన మా చిన్నమ్మ కూతురి పళ్లు తెల్లగా ఉన్నాయి. అది నవ్వితే మా ఇంట్లో అందరం ఒక క్షణం దాని నోరే చూస్తాం.

పీటర్ నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించాడని ఆయన ఫైలులోని అంకెలను బట్టి నాకు తెలుసు. కానీ అది బీరు కాచేవాళ్ల పరీక్ష. బీరు రుచికి పనికొచ్చేవే అందులో చూస్తారు. ఫ్లోరైడ్‌తో బీరుకు పని లేదు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ దానికి గడి లేదు.

మా మేనేజర్ అనిత మేడంకు ఫోన్ చేశాను. చేరాక నా అంతట నేను ఆమెకు ఫోన్ చేయడం అదే మొదలు.

"మేడం, ఒక కస్టమర్ ఇంట్ల నీళ్లు మంచిగ లేవనిపిస్తాంది."

"టికెట్ల రాసిండా?"

"లేదు మేడం. ఫొటో జూసిన. పాప పండ్లు జూసిన."

"పండ్లు జూసి నీళ్లు జెప్తున్నవా? జాతకం గూడ జెప్తవా?" అని నవ్వింది.

"మాది నల్గొండ జిల్లా గద, మేడం."

ఆమె నవ్వు ఆగింది. నెమ్మదిగా అన్నది. "చూడమ్మా, మనం డాక్టర్లం గాదు. సపోర్ట్ టీం అని గిసొంటియి రాస్తె రేపు క్లయింట్ నన్ను అడుగుతడు. కంపెనీ పేరు యాడ రావద్దు. ఊకోలేనంటవా, నీ పేరు మీద రాస్కో. నేను వద్దనను."

నా పేరు మీద రాయడమంటేనే నాకు భయం. రెండు రోజులు డైరీలో చిత్తు రాసి కొట్టేశాను. ముక్కూ మొహం తెలియని ఒక తాతకు, నీ మనవరాలి పళ్లు బాగాలేవని ఎలా రాయడం? చివరికి ఫోరంలో మామూలు సభ్యురాలిలా చేరి, సరిత, నల్గొండ అని పెట్టి, ఆయనకు విడిగా మెసేజ్ రాశాను. పాప పళ్ల మచ్చలు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల కావచ్చని, ఒకసారి దానికోసమే పరీక్ష చేయించమని.

మర్నాడే జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. "మీ శ్రద్ధకు ధన్యవాదాలు. అవి ఐరన్ టానిక్ మరకలని ఇక్కడి నర్సు చెప్పింది. మా నీళ్లు పరీక్ష చేయించినవే. ఎంత బాగుంటాయంటే, చిన్నవాడి పాలసీసాలోకి కూడా అవే కాచి కలుపుతాం."

ఆ ఆఖరి వాక్యం మళ్లీ చదివాను. లీనాకు ఒక తమ్ముడు ఉన్నాడన్నమాట. కాచినా ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాప పళ్లు ఎలాగూ వచ్చేశాయి. బాబువి ఇంకా చిగుళ్ల లోపలే ఉన్నాయి.

కిందికి దిగాను. నాయిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "నాయినా, ఒక ఫొటో తియ్యవా?" అని ఫోన్ ఇచ్చాను.

"ఏంది బిడ్డా, సంబంధానికా? మొన్న అడిగితె మొకం మాడ్చుకుంటివి."

"కాదు. పండ్లు కనపడాలె. దగ్గరికొచ్చి తియ్యి."

విషయం చెప్పాను. నాయిన ఫోన్ పట్టుకున్నాడు కానీ నొక్కలేదు. "గా బోరు నేనే ఏపిచ్చిన. తియ్యటి నీళ్లు వడ్డయని గల్లి మొత్తం బెల్లం పంచిన."

"అప్పుడు నీకేం ఎరుక, నాయినా?"

"ఎరుకైనంక గూడ అవే తాగితిమి గద. ఇంకేడున్నయి నీళ్లు?"

నేను పెదాలు పైకి లాగి పట్టుకున్నాను. నాయిన ఫొటో తీశాడు. తీసి, చూడకుండానే ఫోన్ నా చేతిలో పెట్టాడు. మంచంలో నుంచి అవ్వ అరిచింది.

"పండ్లు జూస్తె ఏం భయపడుతడే గాయన? నా మెడ తియ్యి, నా మెడ! నన్ను జూస్తె గా బోరు గడ్డపారతోని పూడుస్తడు."

అవ్వ ఫొటో కూడా తీశాను. రెండూ పంపి ఇలా రాశాను: "ఇవి నా పళ్లు. నేను ఐరన్ టానిక్ తాగలేదు. ఈమె మా నాయనమ్మ. మేమూ తియ్యటి నీళ్లే తాగాం. బాబు కోసమైనా ఒక్కసారి నీళ్లు పరీక్ష చేయించండి. కాచినా ఫ్లోరైడ్ పోదు, మామూలు ఫిల్టర్‌తోనూ పోదు."

ఆయన చదివినట్టు మెసేజ్ కింద గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

ఆ వారం, ఆ పై వారం కూడా రాలేదు. ఫోరంలో ఆయన మాటలు ఆగిపోయాయి, టికెట్లు ఆగిపోయాయి. పీటర్ ఏడి అని ఎవరో అడిగితే, గుండిగలో పడిపోయి ఉంటాడని ఇంకెవరో అన్నారు. నా నోటి ఫొటో తెలియని మనిషి దగ్గర ఉండిపోయిందని తలచుకుంటే ఒళ్లు ముడుచుకుపోయేది. ఆయన టికెట్ల చివర వచ్చే వాతావరణం వాక్యం లేక, ఉన్న ఒక్క పలకరింపూ పోయినట్టయింది. నిజానికి ఆ పలకరింపు నాకు కాదు, సపోర్ట్ టీంకు.

వానలు మొదలయ్యాక కొత్త వెర్షన్ విడుదలైంది. ఫోరంలో పండగే. గుండిగలన్నీ నిండాయి, నురగల ఫొటోలు వచ్చాయి. మాకు ఊపిరి తీసుకోలేనన్ని టికెట్లు. నాలుగు రోజుల్లో ఆ పాత శీర్షిక కింద మాటలు ఆగిపోయాయి. ఎదురుచూసినంతకాలం అందరూ ఒకచోట ఉన్నారు, రాగానే ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. ఖాళీ గుండిగల ఫొటోలు నేనొక్కదాన్నే మళ్లీ మళ్లీ చూశాను. లీనా ఫొటోను మాత్రం ఆయన తీసేశాడు.

దసరా దాటాక ఒక టికెట్ వచ్చింది.

"ప్రియమైన సపోర్ట్ టీం, ఈ ముసలివాడు మళ్లీ వచ్చాడు. కొత్త వెర్షన్ నన్ను ఎన్నడూ లేనంత జిప్సం కలపమంటోంది. ఇది మీ తప్పా, నా తప్పా? ఇక్కడ నిన్న వాన పడింది."

జిప్సం నీళ్లలో కాల్షియం, సల్ఫేట్ పెంచడానికి కలిపే పొడి. ఆయన ఫైలు తెరిచాను. వాటర్ ప్రొఫైల్‌లో "ఇంటి బోరు" లేదు. దాని స్థానంలో "వంటింటి ఆర్‌ఓ, పిల్లల కోసం" అని ఉంది. కాల్షియం సున్నా. సోడియం సున్నా. సల్ఫేట్ సున్నా. పేజీ అంతా సున్నాలే. ఆర్‌ఓ మిషన్ నీళ్లలో ఉన్నవాటిని దాదాపు అన్నిటినీ తీసేస్తుంది, ఫ్లోరైడ్‌తో సహా. ఆ పేజీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

నల్గొండ సరిత, సపోర్ట్ టీం ఒకరేనని ఆయనకు తెలియదు. చెప్పాలనిపించింది. కంపెనీ పేరు రావద్దని మేడం అన్న మాట ఉంది, పైగా నాకు ధైర్యం లేదు. ఇలా రాశాను: "తప్పు ఎవరిదీ కాదు. మీ కొత్త నీళ్లలో ఇప్పుడు ఏమీ లేదు. అందుకే అన్నీ మీరే కలుపుకోవాలి. జిప్సం లెక్క సరైనదే."

అడిగినదానికి జవాబు ఇవ్వడం ఉద్యోగం. దానికి టీం పేరు సరిపోతుంది. అడగనిది చెప్పాల్సి వస్తే మాత్రం సొంత పేరుతో, సొంత మొహంతో చెప్పాలి. దానికి జవాబు మన పేరు మీద రాకపోవచ్చు. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. మీటింగుల్లో కెమెరా ఇప్పటికీ ఆన్ చేయను.

టికెట్ మూసేటప్పుడు "మీ సమస్య తీరిందా?" అని ఒక ప్రశ్న దానంతటదే వెళుతుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. పీటర్ "అవును" నొక్కాడు.