ఎక్స్‌రే లేని సీసా

మొన్న బుధవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది, మా పెద్ద డాక్టరమ్మ పోయారని. బిలాస్‌పూర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పదిహేడేళ్లు ఆమె దగ్గర టెక్నీషియన్‌గా పనిచేశాను. పిల్లల ఎముకల్లో గడ్డ లేస్తే, అందులోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి క్యాన్సరో కాదో తేల్చేది ఆమే.

సంతాప సభలో ఒక సర్జన్ గారు లేచి, "మేడమ్ రిపోర్టులు కాస్త ఆలస్యమేగానీ, ఎంతో ఓర్పు గల మనిషి" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఓర్పా? ఆవిడకి ఆవగింజంత కూడా లేదు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రైలు డ్రైవరు కూతురు, ఎంత చదివినా సిక్కోలు మాట వదల్లేదు. ముక్క ఉన్న సీసా బల్లమీద పెట్టకముందే కేకలు మొదలు.

"ఏటే పిల్లా ఇది? ముక్కొక్కటే పంపితే నానేటి చెప్తాను? ఎక్స్‌రే ఏదీ? ఎల్లి అట్టుకురా!"

ఆలస్యం మాటెత్తిన సర్జన్ గారికి ఒక సంగతి గుర్తుండాలి. పదేళ్ల పిల్ల, తొడలో గడ్డ. కాలు తీసేయాల్సి రావచ్చని తండ్రికి ఆయన ముందే చెప్పేశారు. మాకు ముక్క పంపి, రిపోర్టు కోసం రోజూ ఫోన్లు. మేడమ్ స్లైడు చూసి తల పట్టుకున్నారు.

"క్యాన్సర్ లాగే ఉంది. కానీ దెబ్బ తగిలినచోట కొత్తగా పుట్టే ఎముక కూడా ఇలాగే భయపెడతాది. ఎక్స్‌రే చూడకుండా సంతకం పెట్టను."

మూడో రోజు సర్జన్ గారు పైవాళ్లకి ఫిర్యాదు చేశారు. నేను ఎక్స్‌రే కోసం ఉస్లాపూర్‌లో ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. తండ్రి రైల్వే షెడ్‌లో ఫిట్టరు, మనవాడే.

"అచ్ఛా, ఆ ఫోటోనా? అద్దం పగిలితే కిటికీకి అతికించేసినానమ్మా. మా పిల్ల సైకిల్ మీంచి పడ్డాక తీయించింది. పడిందని చెప్పినా ఎవులూ రాసుకోలేదు."

పీకి తెచ్చాను. మేడమ్ దాన్ని మైక్రోస్కోపు పక్కనున్న లైటు పెట్టెకి తగిలించారు. గడ్డ చుట్టూ గట్టిపడ్డ ఎముక, తెల్లటి గాజులా. క్యాన్సరైతే అంచు అలా గట్టిపడదట. అది పాత దెబ్బే.

"ఆ కిటికీకున్న బుద్ధి మనోళ్లకి లేదే. అదైనా ఎలుతురికి పెట్టి చూసింది" అన్నారు.

ఆలస్యమట! ఆ మూడు రోజులు ఆగబట్టే ఆ పిల్లకి కాలు మిగిలింది. ఇప్పుడు కాలేజీకి సైకిల్ మీదే వెళ్తోంది. సభలో ఆ మాట ఒక్కరూ చెప్పలేదు. నేనైనా లేచి చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

సభ మర్నాడు ల్యాబుకి వెళితే, దండ వేసిన ఆమె ఫోటోని ఎవరో ఆ లైటు పెట్టెకే ఆనించి పెట్టారు. మధ్యాహ్నం ఆయా ఒక సీసా తెచ్చింది. ఎనిమిదేళ్ల బాబు, మోకాలు. ఎక్స్‌రే లేదు.

"డాక్టరమ్మ లేరు కదే, ఇంకెవులు అడుగుతారు?"

"నానడుగుతాను. ఎల్లి అట్టుకురా."

ఫోటోని పక్కకి జరిపాను. ఆమె రోజూ చేసినట్టే పెట్టెని కొంగుతో తుడిచి స్విచ్ వేశాను. సాయంత్రమైంది. ఎక్స్‌రే ఇంకా రాలేదు. పెట్టె ఖాళీగా వెలుగుతోంది, నేను ఆర్పలేదు.