చిన్న కారు పక్కకు తీయమన్నారు

మా మనవడు తన చిన్న కారు అమ్మేశాడు. మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చేసరికి, బాపట్ల నుంచి వచ్చిన ఒకతను మా తెనాలి ఇంటి ముందు దాని చుట్టూ తిరిగి చూస్తున్నాడు. నేను అతన్ని పలకరించకుండా లోపలికెళ్ళి కూర్చున్నాను. ఈ కోపం ఆ పూట పుట్టింది కాదు, నేను డ్రైవరుగా ఉన్న రోజుల నాటిది, అందుకే ఇది రాస్తున్నాను. నలభై దాటాక మా ఆవిడ దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాణ్ణి, అందమైన మాటలు నా దగ్గర దొరకవు.

ఆ కారు ఇక్కడి కంపెనీదే. కాకపోతే ఇంజనుకి కాస్త పొగరు ఎక్కించి, సీటు కిందికి దించి, చక్రాలు వెడల్పు చేసి, పరుగు కోసమే తయారు చేసిన రకం. మనవడిది బ్యాంకు ఉద్యోగం. వారమంతా మొహం మాడ్చుకుని తిరిగేవాడు, శనివారం పొద్దున్నే నన్ను ఎక్కించుకుని బాపట్ల దాకా వెళ్ళి, టిఫిన్ తిని, కాలవ దారిన తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఈల వేసేవాడు. వాడికి ఆ కారంటే ఆ ఈల.

పోయిన నెల రేపల్లెలో అత్తగారింట వాడి పసికూతురి బాప్తిస్మం విందు జరిగింది. వాడి బావమరిది, ముక్కు మీద మెరిసే గుర్తున్న విదేశీ పరుగు కారులో దిగాడు. షామియానా ముందు ఒక్క బండికే చోటుంది, అక్కడ మావాడి కారుంది. వాడి మామగారే వచ్చి, "అల్లుడుగారూ, ఏమనుకోకండి, మీ బండి కాస్త సందులో పెట్టుకోండి, ఫొటోలో మా అబ్బాయి కారు పడితే నిండుగా ఉంటుందండి" అన్నాడు. బావమరిది ఊరుకోకుండా, "పిల్ల తండ్రివయ్యావు బావా, ఇంకా ఈ బొమ్మ కారేంటి" అని అంటించాడు. అందరూ నవ్వారు. మావాడూ నవ్వి, వెళ్ళి బండి తీశాడు. తర్వాత పసిదాన్నెత్తుకుని, తనది కాని కారుకి ఆనుకుని ఫొటో దిగాడు. ఆ నవ్వు చూడగానే నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అలాంటి నవ్వు నేను అదే రేపల్లెలో ఇంతకు ముందే చూసి ఉన్నాను.

ఆ సాయంత్రం బావమరిది, "తాతయ్యా, మా బండిలో రండి, విమానంలా ఉంటది" అని నన్ను తెనాలి దాకా తీసుకొచ్చాడు. అబద్ధం ఆడను, తిన్నటి రోడ్డు మీద దాన్ని మించింది లేదు, కాలు ఆనించగానే వీపు మీద చెయ్యేసి తోసినట్టు దూకింది. మలుపులో కూడా తొణకలేదు. కానీ తొణక్కుండా చూసుకున్నది కారే, నడిపేవాడికి పనేమీ లేదు, స్టీరింగు చేతిలో వట్టి పళ్ళెంలా తిరిగింది. మావాడి కారులో కంకర ఎక్కడుందో అరచేతికి తెలుస్తుంది, బరువు ఏ చక్రం మీదికి ఒరిగిందో నడుముకి తెలుస్తుంది. ఒకటి మనల్ని మోసుకుపోతుంది, రెండోదాన్ని మనం నడుపుతాం. ఈ తేడా తెలిసినవాడు మావాడు, తెలిసీ నవ్వాడు.

నేను తెనాలిలో ఒక రైసు మిల్లు యజమాని దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఆయనకి ఓడలో దిగిన పొడుగాటి విదేశీ కారొకటి, మద్రాసులో తయారైన రెండు తలుపుల చిన్న కారొకటి ఉండేవి. పెద్దది ఆయన ముచ్చట, దానికి వేరే డ్రైవరు. చిన్నది సరుకులకి, నాకు. దాని బానెట్టు ఎత్తితే ముందు భాగమంతా మొసలి నోరులా తెరుచుకునేది, స్టీరింగు చివరికంటా తిప్పితే చక్రాలు దాదాపు అడ్డంగా తిరిగేవి. ఎడ్లబండి తిరగలేని చోట అది తిరిగేది. యజమానికి ఒక నియమం ఉండేది, ఆయన కారుని ఎవరూ దాటకూడదు. ఊరేగింపైనా ప్రయాణమైనా కార్లన్నీ పరువు కొద్దీ వరుసలో నడవాలి.

ఆయన కొడుకు పెళ్ళికి రేపల్లె తరలి వెళ్ళాం. పగటి ముహూర్తం. పెద్ద కారు ముందు, అందులో పెళ్ళికొడుకు. అన్నిటికీ వెనక అరటి గెలలతో నేను. వేమూరు దాటాక కాలవ కట్ట మీద మలుపులో ఆ పొడుగాటి బండి తిరగలేక, వెనక చక్రం బురదలోకి జారింది. దాని వెనకున్న కార్లు ముందుకీ పోలేవు, ఆ ఇరుకులో వెనక్కీ తిరగలేవు. అందరూ తోస్తున్నారు, ముహూర్తం దగ్గర పడుతోంది. పెళ్ళికొడుకు బాసికంతోనే దిగి, పంచె ఎగ్గట్టి వరుస చివరి దాకా నడిచొచ్చి గెలల పక్కన ఇరుక్కున్నాడు. "నాన్న సంగతి నేను చూసుకుంటా, నువ్వు పోనీయ్" అన్నాడు. కట్ట వెడల్పులోనే ఒక్క పట్టున తిప్పాను. చేల మధ్య దారిన పడి, జీలకర్ర బెల్లం వేళకి పందిట్లో దింపాను.

పెద్ద కారు తాళి కట్టాక వచ్చింది. బురద కడిగి, పూలదండ వేసి, పందిరి ముందు నిలబెట్టి, నా బండిని గొడ్లసావిడి వెనక్కి తీయమన్నారు. పెళ్ళికొడుకు పెద్ద కారుకి ఆనుకుని, నవ్వుతూ ఫొటో దిగాడు. మర్నాడు యజమాని, "నా కొడుకుని అగ్గిపెట్టెలో తెచ్చి దింపుతావురా, నలుగురూ నవ్వేట్టు" అని నన్ను పనిలోంచి తీసేశాడు. అన్నీ చూసుకుంటానన్న కొడుకు అక్కడే ఉన్నాడు, తమలపాకుకి సున్నం రాసుకుంటూ. కొన్నాళ్ళకి ఆ ఇంటివాళ్ళంతా పెళ్ళికొడుకు పెద్ద కారులోనే దిగాడని చెప్పుకున్నారు. కళ్ళారా చూసినవాళ్ళు కూడా ఫొటోనే నమ్మారు.

అందుకే మొన్న మావాడు లోపలికి రాగానే ఒక్క మాటే అడిగాను, ఎవరి కోసంరా అని. "నలుగుర్లో బాగుండదు తాతా" అన్నాడు. ఆ నలుగురు నాకు తెలుసు, ఒక్కడూ కాలవ మలుపులో మన పక్కన కూర్చునేవాడు కాదు.

బాపట్ల అతను కారు తీసుకుని వెళ్ళిపోతుంటే నేను లోపల్నుంచే విన్నాను. వీధి చివర మలుపులో బ్రేకు మీద పడకుండా గేరు దించి, సరిగ్గా ఎక్కడ వేగం అందుకోవాలో అక్కడ అందుకున్నాడు. అరుగు మీద నిలబడి మావాడూ విన్నాడు. "బాగా తీశాడు తాతా" అన్నాడు.

మా రోజుల్లో గొప్పకి లొంగనివాళ్ళున్నారని చెప్పను, నన్ను తీసేసింది ఆ రోజుల్లోనే. కానీ ఎవరైనా కారు దిగితే దారి ఎలా ఉందని అడిగేవాళ్ళు కొందరుండేవారు. ఇప్పుడు ముందుకొచ్చి ముక్కు మీద గుర్తు చూసి వెనక్కి పోతున్నారు.

నిన్న శనివారం. మెరిసే గుర్తున్న కారు ఇప్పుడు మా ఇంటి ముందు కూడా ఉంది, మావాడు కొన్నది. కాలవ దారిన వెళ్తే గీతలు పడతాయట. మావాడు టిఫిన్ ఇంటికే తెప్పించాడు.