ఎర్ల్ గారి గాంధారానికి నేను చేసిన రిపేరు

తాతకు దగ్గులు నేర్పకూడదంటారు. నేను నేర్పడంతో ఊరుకోలేదండీ, శ్రుతిలో దగ్గమని కూడా చెప్పాను. ఆ ఘోరం వినండి.

అమెరికాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో చేరిన కొత్తలో, శుక్రవారం ఆఫీసులో ‘బై’ అన్నాక మళ్లీ నోరు తెరిచేది సోమవారం ‘హాయ్’ అనడానికే. మధ్యలో ఫ్రిజ్‌తో మాట్లాడేవాణ్ణి. పాపం, అదైనా అప్పుడప్పుడూ గుర్రుమనేది. నాకొక మనిషి కావాలి, అంతే. అందుకే ఒక కాఫీ షాపులో ఆదివారం మధ్యాహ్నాలు ఎవరైనా వచ్చి వాయించవచ్చనే బోర్డు చూడగానే, నేను ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్న వయొలిన్ పట్టుకుని పరిగెత్తాను.

అక్కడ ఎర్ల్ అనే డెబ్బయ్యేళ్ల నల్లజాతి పెద్దాయన గిటార్‌తో బ్లూస్ అనే వాళ్ల పాతకాలపు పాటలు పాడుతున్నారు. పక్కన కూర్చోమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఒక లైన్ పాడి, మళ్లీ అదే పాడారు. తర్వాతది మరిచిపోయారు కాబోలనుకున్నాను. అంతకన్నా ఘోరం, ఆయన గాంధారం. మన ‘గ’కు ఉన్న రెండు చోట్లలో దేన్లోనూ నిలవక మధ్యలో వేలాడుతోంది! మా మాస్టారైతే తొడపాశం పెట్టేవారు. నేను మర్యాదస్తుణ్ణి కదా, కచేరీ పద్ధతిలో ఆయన గొంతు వెంటే పడి, అసలు ‘గ’ను గట్టిగా వాయిస్తూ, దూడను కొట్టంలోకి తోలినట్టు ఆయన్ని తోలాను. ఆయన జారుతున్నారు, నేను లాగుతున్నాను. జనం కప్పులు దించేశారు.

పాట ఆగింది.

“ఏం చేస్తున్నావు బాబూ?” ఆయన అడిగింది ఇంగ్లీషులోనే. అవమానం మాత్రం నాకు తెలుగులోనే అర్థమైంది.

“మీ నోట్ కొంచెం తప్పుతోంది సర్. కరెక్ట్ చేస్తున్నాను.”

“మా ముత్తాత పత్తిచేలో బానిస. అక్కడ ఒకడు కేకేస్తే మిగతావాళ్లు బదులు పాడేవాళ్లు. ఈ నోట్ వాళ్లది. నువ్వు రిపేర్ చేస్తావా?”

భూమి చీలితే బాగుండుననిపించింది. దొరక్క దొరక్క దొరికిన ఒక్క మనిషినీ చేజేతులా పోగొట్టుకున్నాను. వయొలిన్ సర్దేశాను.

“ఎక్కడికి? ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తున్నారా?”

“లేదు సర్. ఎవరూ లేరు.” ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“అయితే కూర్చో. ఒకే లైన్ రెండుసార్లు పాడతాను, మూడోది దానికి జవాబు. పన్నెండు బార్ల తాళం అయ్యాక మళ్లీ మొదటికి. ప్రతి లైన్ చివరా కాస్త ఖాళీ ఉంటుంది, అది నీది. నేను పాడేటప్పుడు నోర్మూసుకో. ఖాళీలో ఇప్పుడన్నావే, ఆ మాట వయొలిన్‌తో చెప్పు.”

పాడారు. ఖాళీ వచ్చింది. ఏడుపొస్తుంటే వేలు నిలుస్తుందా? ‘గ’ను అందుకోకుండానే జారిపోయింది.

“అదిగో!” అని అరిచారు ఎర్ల్ గారు. “ఇప్పుడు తప్పావు! వచ్చే ఆదివారం కూడా ఇలాగే తప్పు.”

ఆ క్షణమే వయొలిన్ మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెవరి గాంధారాన్నీ సరిచెయ్యను. నాది కూడా. అది సరైపోతే ఆదివారాలు ఎక్కడికి పోవాలండీ?