శింగనమల చెరువు మెరుపు

ఒక ప్రార్థన ఇన్నేళ్లుగా నా మెడకు రాయిలా వేలాడుతోంది. నేను చేయని ప్రార్థన అది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పందొమ్మిది వందల యాభైల చివర్లో అనంతపురం అవతలి మట్టి మైదానంలో నేనూ ఖాదరూ విమానం నడపడం నేర్చుకున్నాం. ఆఖరి పరీక్ష బయటికి చూడకుండా నడపడం. మన సీటు మీద గుడ్డ ముసుగు దించేస్తారు. లోపల మీటర్ల ముళ్లు, దిక్సూచి, గడియారం తప్ప ఏమీ కనబడవు. వాటినే నమ్ముకుని శింగనమల చెరువు మీదికి చేరాలి. పరీక్షాధికారి ముందు సీట్లో ఉంటాడు. పై శిక్షణకు పంపేది ఒక్కరినే. నాయన లేని ఖాదర్‌కు వేరే దారి లేదు. పాస్టరు కొడుకును గనుక నాకు మిషన్ బడిలో ఉద్యోగం ఎప్పుడూ ఉండేది.

రోజూ నేల మీద ఆగిన విమానంలోనే ముసుగేసుకుని సాధన చేసేవాళ్లం. చూడకుండా నమ్మడమంటే ఏమిటో ఊయలనాటి నుంచి విన్నవాణ్ణి, నాకిదొక లెక్కా అనుకున్నాను.

పరీక్షలో ముందు నా వంతు. పైకి లేచాక ఒళ్లు ఎడమకు ఒరుగుతున్నావంది, ముల్లు లేదంది. ముల్లును నమ్మలేకపోయాను. వేలితో ముసుగు అంచు ఎత్తాను. కుట్టు పుటుక్కుమంది. కరువు నేల ఎర్రగా కాలిపోయి ఉంది, కుడివైపు దూరాన చెరువు ఒక్కటే మెరిసింది. అటు తిప్పాను. ఆ మెరుపును దేవుడే చూపించాడని అక్కడికక్కడే సర్దిచెప్పుకున్నాను. చూపించింది దేవుడా? మరి వేలు ఎవరిది?

తర్వాత అదే విమానంలో ఖాదర్ వెళ్లాడు. గాలికి పక్కకు కొట్టుకుపోయి, చెరువు దొరకక తిరిగొచ్చాడు.

"ముసుగు కుట్టు ఊడిండాదప్పా. ఎండ లోపలికి పడతాంటే పిన్ను పెట్టుకున్నా. ఆ చెరువు యాడ దాక్కునిందో ఏమో! నువ్వెట్ల పట్టినావు?"

"ప్రార్థన చేసినా" అన్నాను.

"అట్లయితే నా నమాజే చాల్లేదు లేప్పా" అని నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో సంఘం ముందు నిలబడి అదే మాట సాక్ష్యంగా చెప్పాను. ముసలమ్మలు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. వాళ్ల స్తోత్రాల మధ్య నేను కళ్లు మూసుకున్నాను. భక్తితోనా, భయంతోనా?

పై శిక్షణకు నేనే వెళ్లాను. ఖాదర్ మళ్లీ విమానం ఎక్కలేదు. కదిరి దోవలో బస్సు నడిపాడు. ఎప్పుడెదురైనా పక్కవాళ్లకు నన్ను చూపించి, "ఈయప్ప పిలిస్తే దేవుడు పలుకుతాడు" అంటాడు. ఆ గొంతులో ఎగతాళి కోసం ఎన్నిసార్లో వెతికాను. ఉంటే బాగుండేది. లేదు.

అతనికి చెప్పే ధైర్యం ఈరోజుకీ రాలేదు. మీకు చెప్పినంత మాత్రాన అతనికి చెప్పినట్టు కాదని తెలుసు. అయినా ఒక్కసారి, సాక్ష్యం చెప్పినంత స్పష్టంగా ఈ మాట అననివ్వండి.

ఆ రోజు నేను ప్రార్థన చేయలేదు. ముసుగెత్తి చూశాను.