ఇన్సూరెన్సు డాక్టరు

“నేను చస్తే నీకేంది లాభం? ముందు అది చెప్పు!” అని హుసేనయ్య అరుస్తున్నాడు. “నాకు కాదయ్యా, నీ పెళ్ళాం గురవమ్మకు డబ్బులొస్తాయి. సర్కారు ఆస్పత్రి మాదిరి కాదు, మా కంపెనీ చెప్పిన మాట నిలబెట్టుకుంటాది,” అన్నాడు ఇన్సూరెన్సు ఏజెంటు రాజమోహన్. “రేపు మీ కంపెనీని గూడా సర్కారు లాక్కుంటుందంటున్నారే, అప్పుడెవర్ని తిడతావు?” అని హుసేనయ్య ఎదురడిగినాడు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే హుసేనయ్యకు సర్కారు మీదా కంపెనీ మీదా నమ్మకం లేదు. గరిటె బాగుందని ఎవరన్నా మెచ్చుకుంటే, ధర తగ్గించమంటాడేమోనని దాన్ని వెనక్కి లాక్కుంటాడు. ఆస్పత్రిలో ఊరికే ఇచ్చిన ఎర్రమందును ముందు కోడిపెట్టకు పోసి, అది సాయంత్రం దాకా తిరిగితేనే గురవమ్మకు తాగిస్తాడు. ఆమె దగ్గు మాత్రం తగ్గలేదు. అక్కడ సరిగ్గా చూడకుండానే మందు పోసినారని అతని అనుమానం.

పాలసీ ఇచ్చేముందు మనిషి గట్టివాడో కాదో చూడాలని రాజమోహన్ నెల్లూరు నుంచి డాక్టరును తెచ్చినాడు. ఆయన హుసేనయ్య చొక్కా విప్పించి, ఛాతీ మీదా వీపు మీదా గొట్టం పెట్టి విన్నాడు. కంటిరెప్పలు లాగి చూసినాడు. దగ్గమని మళ్ళీ విన్నాడు. రాయిలాంటి తనను ఇంతసేపు ఎందుకు చూస్తున్నారో అంతుబట్టక హుసేనయ్య రాజమోహన్‌ను అడిగినాడు.

“తొందరగా పోతావేమోనని భయం. డబ్బు కట్టాల్సింది కంపెనీయే గదా!” అని రాజమోహన్ నవ్వినాడు.

లోపలిగదిలో గురవమ్మ దగ్గుతా ఉండాది. హుసేనయ్య రాజమోహన్ చెయ్యి పట్టుకొని పక్కకు లాగినాడు.

“అబ్బయా, నువ్వు యాడ వెయ్యమంటే ఆడ వేలిముద్ర వేస్తా. గురవమ్మ చస్తే గూడా మీ కంపెనీకి నష్టమని డాక్టరుతో చెప్పి, ఆమెను గూడా ఇట్టనే చూడమను.”