భాగ్యమత్త చెప్పని మాట

మా మేనత్త భాగ్యానికి యాభై ఆరేళ్లు. కోయంబత్తూరు పక్కన కారమడైలో కరివేపాకు ఎండబెట్టే షెడ్డులో ఇరవై రెండేళ్లుగా పని. రెండు వేళ్ల మధ్య ఆకు నలిపి, వేడి పెంచాలో తగ్గించాలో చెప్పేస్తుంది. అలాంటి మనిషిని పోయిన నెల షెడ్డు యజమాని రత్నసభాపతి అందరి ముందూ తిట్టాడు. కొత్త మిషన్‌లో నాలుగు ట్రేల ఆకు నల్లగా మాడిందట, అంతా ఆమె నిర్లక్ష్యమట, మళ్లీ మాడితే పనిలోకి రానక్కర్లేదట.

మాడ్చింది ఆమె కాదు. నేను రాసిన సాఫ్ట్‌వేర్.

కోయంబత్తూరులో మా ఆఫీసుకు ఆ డ్రయ్యర్ పని వచ్చినప్పుడు అవును, కాదు అని రెండే కాకుండా మధ్య స్థితులనూ లెక్కేసే ఫజీ లాజిక్ వాడదామన్నాను. ఆకు మెల్లమెల్లగా ఎండుతుంది, వేడి కూడా అలాగే తగ్గాలి కదా. మా టీమ్ లీడ్ మదన్ వినలేదు. రూల్స్ చాలన్నాడు. తేమ పన్నెండు శాతం దాటితే ఫుల్ వేడి, లేకుంటే ఆఫ్; కస్టమర్‌కు ఒక్క ముక్కలో చెప్పొచ్చన్నాడు. నోరు మూసుకుని రాసిచ్చాను. దాదాపు ఎండిపోయిన ఆకుకు కూడా పచ్చి ఆకుకు పెట్టినంత వేడే పెట్టింది ఆ దిక్కుమాలిన ప్రోగ్రాము.

మదన్ మీద కోపం ఒక ఎత్తు, నా మీద నాకున్న కోపం ఒక ఎత్తు. వివరాల కోసం మొదట షెడ్డుకు వెళ్లినప్పుడు, మదన్ పక్కనున్నాడని సిగ్గుపడి, సొంత మేనత్తను పరాయిదానిలా తమిళంలో అడిగాను. నా ఫారంలో రెండే గళ్లు: తడి, పొడి. ఆమె నా ముఖం చూసి, ఏదో ఒకటి చెప్పి ఊరుకుంది.

ఈసారి ఒక్కదాన్నే వెళ్లి మా ఇంటి తెలుగులో అడిగాను.

"ఇప్పుడు వస్తివా ప్రియా? అప్పుడు సుమ్మా, ఊరికే కాయితం చూసి అడిగితివే, నేనెవరో తెలీనట్ల!" అని గయ్యిమంది. తిట్టి తిట్టి అలిసిపోయాక ట్రేల ముందు కూర్చోబెట్టింది. "చూడు, ఇది పచ్చి. ఇది వాడింది. ఇది సగం ఎండింది, లోపల ఇంకా తడి ఉండాది. ఇది పెళుసు. ఒకటి పోయి ఇంకొకటి టక్కుని రాదే. కొంచేపు రెండూ కలిసే ఉంటాయి."

కాలేజీలో ఫజీ లాజిక్ అని నేను ఒక సెమిస్టరంతా చదివింది ఇదే.

"మరి డ్రయ్యర్‌లోంచి ట్రేలు దించేదెప్పుడత్తా?"

ఆమె చేతిలోని ఆకు ట్రేలో పడేసింది. "అది చెప్పను. అదీ చెప్తే రేపటినుంచి వాళ్లకి నేనెందుకు?"

ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు, ఆమె చేత ఆ మాట అనిపించిన వాళ్ల మీద. ఆమె చెప్పిన నాలుగు మాటలే ఆధారంగా, మదన్‌ను అడక్కుండా, ప్రోగ్రామంతా తిరగరాశాను. ఇప్పుడు వేడి మెల్లగా దిగుతోంది. ఆకు పచ్చగా వస్తోంది గనక రత్నసభాపతి నోరెత్తడం లేదు. చివర్లో మాత్రం ఒకే ఒక్క రూలు ఉంచాను: భాగ్యం వేలిముద్ర పడేదాకా డ్రయ్యర్ తలుపు తెరుచుకోదు.

అది తీసేయమని మదన్ రెండుసార్లు మెయిల్ పెట్టాడు. రూల్స్ చాలన్నది మీరే కదా అని జవాబు రాశాను.