బొడిపెలు కోసిన చెయ్యి

ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని పడదోసిన మరుసటి ఏడాది మెల్‌బోర్న్ చేరాడు అప్పల్సామి. అక్కడి లబాసా ఊరి చెరకు మిల్లులో ఇరవై ఏళ్లు పనిచేసిన చేతులు, యూనివర్సిటీ ల్యాబులో గాజుసామాను కడగడానికి కుదిరాయి. 1991 నాటికి సముద్రపు నాచు కోసి తెచ్చే పనీ ఆయన మీదే పడింది.

ఆ నాచుకు బాక్టీరియా పట్టి, కొమ్మల మీద మిరియాలంత బొడిపెలు లేస్తాయి. వాటిలో ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను ఎక్కువుందా అన్నదే డాక్టర్ రామచంద్ర పరిశోధన. ఆయనది కాకినాడ. ఆక్సిన్ గురించి గంటన్నర మాట్లాడగలడు, కాళ్లు తడవకుండా. మొదటిసారి తీరానికి ఆయనా వచ్చాడు. అప్పల్సామి కోసిన బొడిపెల్ని బకెట్లో పోసి, ఎండలో పెట్టి, బార్బెక్యూ పొయ్యి దగ్గర సాసేజీలు తిప్పుతూ మొక్కల పెరుగుదల మీద ఉపన్యాసం ఇచ్చాడు. మధ్యాహ్నానికి బకెట్ నీళ్లు వెచ్చబడ్డాయి. ల్యాబులో చూస్తే బొడిపెల్లోనూ మామూలు నాచులోనూ హార్మోను ఒకే మోతాదు.

గాజుసామాను సరిగ్గా కడగలేదని ల్యాబు నడిపే ప్రొఫెసర్ హెలెనాకు చెప్పాడాయన. మళ్లీ ఇలాగే వస్తే ఈ పని మూసేసి, అప్పల్సామినీ పంపేస్తామంది ఆవిడ, ఎంతో మర్యాదగా. యాభై నాలుగేళ్ల మనిషి ఇంకెవరి గుమ్మం ఎక్కాలి?

రెండోసారి అప్పల్సామి ఒంటరిగా వెళ్లాడు. ఆటు సమయంలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, ఒక్కో బొడిపెను కోసి, తుడిచి, వెంటనే అల్యూమినియం రేకులో చుట్టి, డ్రై ఐసు పెట్టెలో వేశాడు. మామూలు నాచు ముక్కల్నీ అచ్చం అలాగే. వేడికీ వెలుతురుకీ హార్మోను పాడవుతుందని ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. కోసిన చెరకు ఎండలో పడుంటే తీపి ఎలా దిగిపోతుందో మిల్లులో చూశాడు, అంతే.

ఈసారి బొడిపెల్లో హార్మోను ఆరు రెట్లు వచ్చింది. సెమినార్లో రామచంద్ర “మేము మెరుగుపరిచిన విధానం” అంటూ నలభై స్లైడ్లు వేశాడు. ఆ విధానమేమిటని హెలెనా అడిగింది. ఆయన చివరి వరసలో కూర్చున్న అప్పల్సామి వైపు తిరిగాడు.

“అంకుల్, ఎలా చేశారో రెండు లైన్లలో చెప్పండి, ప్లీజ్.”

“చెప్తే రాదు డాక్టరుగారూ. రేపు పొద్దున్న ఆరింటికి లో టైడ్. బూట్లేసుకుని రండి, బ్లేడు నేనిస్తాను. ఉపన్యాసం మాత్రం కార్లోనే ఉంచండి.”

మర్నాడు హెలెనా కూడా వచ్చింది. రామచంద్ర మొదటి బొడిపెను కోసి రేకులో చుట్టేసరికి అప్పల్సామి ముప్పై చుట్టాడు. నాచు కోత ఇకపై అప్పల్సామిదేననీ, డాక్టరు కోసింది చేతిలోనే వెచ్చబడి పరీక్షకు పనికిరాదనీ ఆవిడ ఆ నీళ్లలోనే తేల్చేసింది.